టీచర్ స్ట్రిక్ట్‌గా దిద్దితే అన్యాయం చేసినట్టేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీ అమ్మాయి తొమ్మిదో తరగతి. రెండు సెక్షన్లకూ లెక్కల టీచర్లు వేరు. మీ అమ్మాయి టీచర్ చిన్న తప్పుకు కూడా మార్కు కోస్తారు, పక్క సెక్షన్ టీచర్ ధారాళంగా వేస్తారు. ఇంచుమించు ఒకే స్థాయి పిల్లలకు అక్కడ 85 వస్తుంటే ఇక్కడ 70 దాటడం లేదు. ఇది అన్యాయం కాదా, వెళ్లి అడగవచ్చా, సెక్షన్ మార్పించుకోవాలా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్తాను. స్ట్రిక్ట్‌గా దిద్దడం అన్యాయం కాదు. ఒకే తప్పుకు ఒకరికి ఒకలా, ఇంకొకరికి ఇంకోలా దిద్దడం అన్యాయం. మీ అమ్మాయి క్లాసులో అందరికీ ఒకే కొలత ఉంటే, ఆ కొలత ఏమిటో పిల్లలకు ముందే తెలిసి ఉంటే, ఆ టీచర్ తన పని సరిగ్గానే చేస్తున్నారు. కానీ ఈ రెండు సెక్షన్ల మార్కులనూ ఒకే జాబితాలో కలిపి ర్యాంకులు ఇస్తున్నా, వాటిని బట్టి ఏదైనా ఎంపిక చేస్తున్నా, అప్పుడు మీ బాధ పూర్తిగా న్యాయమైనదే. అయితే అది ఆ టీచర్‌ని అడగాల్సిన సంగతి కాదు, స్కూల్‌ని అడగాల్సింది.

నేను హైస్కూల్లో లెక్కలు చెప్తాను. చాలా ఏళ్లుగా పేపర్లు దిద్దుతున్నాను, పెద్ద పరీక్షల వాల్యుయేషన్‌లో ఇతరులు దిద్దినవి సరిచూసే పని కూడా చేశాను. కాబట్టి లెక్కల నుంచే ఒక ఉదాహరణ తీసుకుంటాను.

ఐదు మార్కుల ప్రశ్న: ఒక స్థూపాకారపు డబ్బా వ్యాసం 14 సెంటీమీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు. దాని ఘనపరిమాణం ఎంత? అందులో ఎన్ని లీటర్లు పడతాయి? వ్యాసార్ధం 7, కాబట్టి 22/7 × 7 × 7 × 10 = 1540 ఘన సెంటీమీటర్లు, అంటే 1.54 లీటర్లు. ఒక అమ్మాయి సూత్రం సరిగ్గా రాసింది. కానీ కంగారులో వ్యాసాన్నే వ్యాసార్ధం అనుకుని 14 వేసేసింది. అక్కడి నుంచి గుణకారం తప్పు లేకుండా చేసి 6160 తెచ్చింది, దాన్ని సరిగ్గానే మార్చి 6.16 లీటర్లు అని రాసింది. ఎన్ని మార్కులు వేయాలి?

నేను ఈ జవాబును చాలామంది టీచర్ల ముందు పెట్టి చూశాను. ఆన్సర్ తప్పు, సూత్రానికి ఒక మార్కు చాలు అనేవాళ్లు ఉంటారు. పిల్లకు విషయం తెలుసు, పొరపాటున ఒక అంకె తప్పింది, ఐదూ వేసేద్దాం అనేవాళ్లూ ఉంటారు. నా స్కీమ్ అయితే ఇది: వ్యాసం నుంచి వ్యాసార్ధం తీసినందుకు ఒకటి, సూత్రానికి ఒకటి, విలువలు వేసి లెక్క చేసినందుకు రెండు, లీటర్లలోకి మార్చినందుకు ఒకటి. ఆ అమ్మాయి మొదటి మార్కు మాత్రమే పోగొట్టుకుంది. తర్వాతి మెట్లన్నీ తన దగ్గరున్న అంకెతో సరిగ్గానే ఎక్కింది కాబట్టి నాలుగు వేస్తాను. ఒక తప్పుకు ఒక్కసారే మార్కు కోయాలి. అదే తప్పుకు కింద ప్రతి లైన్లోనూ కోస్తూ పోతే ఆ పేపరు చివరికి పిల్లకు ఏం తెలుసో చెప్పదు, ఎక్కడ జారిందో మాత్రమే చెబుతుంది.

మరొక టీచర్ అంటారు: 14 సెంటీమీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న డబ్బాలో ఆరు లీటర్లు పడతాయా అని ఒక్క క్షణం ఆలోచించాలి కదా, అలా ఆలోచించడం కూడా గణితమే, దానికి ఒక మార్కు కోస్తాను అని. నాకు ఆ వాదన నచ్చుతుంది. కానీ ఆ మాట పరీక్షకు ముందు క్లాసులో చెప్పి ఉండాలి. చెప్పి ఉంటే మూడు మార్కులు కూడా న్యాయమే. చెప్పకుండా పేపరు చేతికిచ్చేటప్పుడు కొత్త నియమం బయటికి తీస్తే అది న్యాయం కాదు. అంటే ఒకే జవాబుకు మూడు వేసినా నాలుగు వేసినా న్యాయమే కావచ్చు. మూడో పేపర్లో నాలుగు వేసి, ముప్పయ్యో పేపర్లో అదే తప్పుకు రెండు వేస్తే మాత్రం దాన్ని ఎవరూ సమర్థించలేరు.

టీచర్‌కీ టీచర్‌కీ తేడా ఎంత ఉంటుందన్నది కొత్తగా పుట్టిన అనుమానం కాదు. 1888లోనే ఎడ్జ్‌వర్త్ అనే ఆర్థికవేత్త పరీక్షల మార్కుల్లో అదృష్టం పాలు ఎంత అని లెక్కలు కట్టాడు. అందరూ ఎక్కువగా చెప్పుకునేది 1912 నాటి పని. అమెరికాలో స్టార్చ్, ఎలియట్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు హైస్కూల్ పిల్లలు రాసిన రెండు ఇంగ్లిష్ పేపర్ల నకళ్లను చాలా స్కూళ్లకు పంపి దిద్దమన్నారు. 142 మంది టీచర్ల మార్కులు వచ్చాయి. ఒకే పేపరుకు అతి తక్కువ వేసినవాళ్లకూ అతి ఎక్కువ వేసినవాళ్లకూ మధ్య 30 మార్కులకు మించి తేడా. భాష పేపర్లలో అలాగే ఉంటుంది, లెక్కల్లో అలా జరగదు అని చాలామంది అన్నారు. మరుసటి ఏడాది జామెట్రీ పేపరు పంపారు. తేడా తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగింది. ఒకే పేపరుకు 28 వేసినవాళ్లు ఉన్నారు, 90 దాటించినవాళ్లూ ఉన్నారు. కారణం పైన చెప్పిన డబ్బా లెక్కలో ఉన్నదే: ఒకరు చివరి జవాబు చూస్తారు, ఒకరు పద్ధతి చూస్తారు, ఒకరు పేపరు శుభ్రంగా ఉందా అని చూస్తారు. అందరూ నిజాయితీగానే దిద్దారు. దేనికి ఎంత అన్నది ముందే ఒప్పుకోకపోవడంతో వచ్చిన తేడా అది.

ఒకే టీచర్ చేతిలో కూడా కొలత జారుతుంది. ఇది తల్లిదండ్రులకు కనబడదు, దిద్దేవాళ్లకు బాగా తెలుసు. చాలా మంచి పేపరు దిద్దాక వచ్చిన మామూలు పేపరు నాసిగా కనిపిస్తుంది. నాలుగు నాసి పేపర్ల తర్వాత వస్తే అదే పేపరు బ్రహ్మాండంగా ఉంటుంది. చేతిరాత ముత్యాల్లా ఉంటే జవాబు కూడా బాగున్నట్టే అనిపిస్తుంది. పేరు చూడగానే ఆ పిల్లవాడు మొన్న క్లాసులో చేసిన అల్లరి గుర్తొస్తుంది. 1920లో థార్న్‌డైక్ అనే మనస్తత్వవేత్త, సైన్యంలో అధికారులు తమ కింది వాళ్లకు ఇచ్చిన రేటింగులు పరిశీలించి చెప్పింది ఇదే: మనిషిలో ఒక గుణం నచ్చితే మిగతా గుణాలన్నిటికీ తెలియకుండానే ఎక్కువ వేసేస్తాం. స్కూల్లోనూ ఇది ఉంటుంది. ఇజ్రాయెల్లో పేర్లు తెలియకుండా దిద్దిన మార్కులనూ, సొంత టీచర్లు దిద్దిన మార్కులనూ పోల్చిన ఒక అధ్యయనం 2008లో వచ్చింది. పిల్లలెవరో తెలిసిన టీచర్ల చేతిలో మగపిల్లలకు తక్కువ పడుతున్నాయని అందులో తేలింది. వేరేచోట్ల ఇంకెవరికో తక్కువ పడుతుండవచ్చు. మనసులో చెడు ఉద్దేశం లేకుండానే ఇలా జరుగుతుంది, అందుకే జాగ్రత్త అవసరం.

నేను పాటించే పద్ధతులు కొన్ని చెప్తాను. మీ టీచర్ ఇవి పాటిస్తున్నారో లేదో మెల్లగా తెలుసుకోవచ్చు.

పిల్లల వారీగా కాదు, ప్రశ్నల వారీగా దిద్దుతాను. అందరి మొదటి ప్రశ్న పూర్తి చేశాకే రెండో ప్రశ్న. దీనివల్ల ఒకే తప్పు పది పేపర్లలో వరుసగా కళ్లముందు ఉంటుంది, కొలత జారదు. మొదటి జవాబు బాగా రాసిన పిల్లకు రెండోది అలవోకగా ఎక్కువ వేసేయడమూ తగ్గుతుంది. ఒక ప్రశ్న అయిపోయాక కట్టను కలిపేసి తర్వాతి ప్రశ్న మొదలుపెడతాను. ఎప్పుడూ అడుగున ఉండే పేపరు ఎప్పుడూ నా అలసటకు బలి కాకూడదు.

పేరున్న మొదటి పేజీని మడతపెట్టి దిద్దుతాను. చేతిరాత గుర్తుపడతాం కదా అంటారు. నిజమే, కొందరిది గుర్తుపడతాం. అందరిదీ గుర్తుపట్టం.

అన్నీ అయ్యాక మొదట దిద్దిన నాలుగైదు పేపర్లు మళ్లీ తీస్తాను. మొదట్లో ఒకలా ఉన్న చెయ్యి చివరికి మెత్తబడిందో గట్టిపడిందో అప్పుడు తెలుస్తుంది. స్కీమ్‌లో లేని కొత్త పద్ధతిలో ఎవరైనా లెక్క చేస్తే దాన్ని పక్కన పెట్టి, అన్నీ అయ్యాక తీరిగ్గా చూస్తాను. పుస్తకంలో లేని దారిలో వెళ్లి సరైన చోటికి చేరిన పిల్లకు మార్కు కోయడం కన్నా పెద్ద నేరం లెక్కల టీచర్ చేయలేడు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది. ఒకరు వచ్చి అడిగితే పెంచే మార్కు, అదే జవాబు రాసిన అందరికీ పెంచాలి. పేపర్లు ఇచ్చిన రోజు జరిగేది మీకు తెలుసు. ధైర్యమున్న పిల్లలు లేచి "సార్, ఇక్కడ ఒక మార్కు రావాలి" అంటారు. టీచర్ చూసి, సరే అని వేసేస్తారు. వెనక బెంచీలో అదే జవాబు రాసి నోరు మెదపని పిల్ల ఆ మార్కు పోగొట్టుకుంటుంది. బయటికి దయగా కనిపిస్తుంది కానీ, నేను చూసిన అన్యాయాల్లో తరచుగా జరిగేది ఇదే. అందుకే నా క్లాసులో అడగదలచుకున్నవాళ్లు ఒక కాగితం మీద ఏ ప్రశ్న, ఎందుకు అని రెండు వాక్యాలు రాసి ఇవ్వాలి. వాదన సరైనదైతే మొత్తం కట్ట మళ్లీ తీసి ఆ ప్రశ్న వరకు అందరివీ చూస్తాను. పని పెరుగుతుంది. కానీ అలా చేయకపోతే మార్కులు తెలివికి కాకుండా చొరవకు పడతాయి.

ఇప్పుడు మీ మనసులో ఉన్న అసలు టెన్షన్ దగ్గరికి వస్తాను. స్ట్రిక్ట్ టీచర్ దగ్గర చదివితే పిల్లకు నష్టమా, లాభమా? అమెరికాలోని నార్త్ కరొలైనా రాష్ట్రంలో ఆల్జీబ్రా టీచర్ల మీద గెర్షెన్సన్ అనే ఆర్థికవేత్త చేసిన అధ్యయనం 2020లో వచ్చింది. క్లాసులో టీచర్ ఇచ్చిన గ్రేడునూ, రాష్ట్రమంతటా ఒకేలా పెట్టిన పరీక్షలో ఆ పిల్లల మార్కులనూ పోల్చి, ఎవరు స్ట్రిక్ట్, ఎవరు ఉదారం అని తేల్చారు. స్ట్రిక్ట్ టీచర్ల పిల్లలు ఎక్కువ నేర్చుకున్నారు, పై క్లాసుల లెక్కల్లోనూ దాని ప్రయోజనం కొంత మిగిలింది. నా అనుభవం కూడా అదే చెబుతుంది. ధారాళంగా మార్కులు పడే క్లాసులో పిల్లలు తమకు వచ్చేసిందనుకుని పుస్తకం మూసేస్తారు.

అయితే ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆ అధ్యయనంలో స్ట్రిక్ట్ అంటే మంచి గ్రేడు రావాలంటే ఎక్కువ నేర్చుకోవాల్సి ఉండటం, అంతే. తిట్టడం, పేపరు విసరడం, క్లాసు ముందు మార్కులు చదివి సిగ్గుపడేలా చేయడం ఈ లెక్కలోకి రావు. మార్కు కోసి కారణం రాయని టీచర్ స్ట్రిక్ట్ కాదు, నిర్లక్ష్యం చేస్తున్నట్టు. 1988లో రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు పిల్లలను మూడు గుంపులు చేసి చూసింది: ఒక గుంపుకు మార్కులు మాత్రమే, ఒక గుంపుకు వ్యాఖ్యలు మాత్రమే, మూడో గుంపుకు రెండూ. తర్వాతి పనిలో బాగా మెరుగుపడింది వ్యాఖ్యలు మాత్రమే అందుకున్నవాళ్లు. రెండూ అందుకున్నవాళ్ల దృష్టి అంకె మీదే ఉండిపోయింది, వ్యాఖ్య పని చేయలేదు. అది చదివినప్పటి నుంచి నేను యూనిట్ టెస్టు పేపర్లు ఇచ్చేటప్పుడు మొదటి రోజు మార్కులు చెప్పను. తప్పు ఉన్న చోట గీత, పక్కన ఒక ప్రశ్న రాసి ఇస్తాను. పిల్లలు తమ తప్పు తామే దిద్దుకుని తెచ్చాకే మార్కు చెప్తాను. మొదట్లో గోల చేస్తారు, నెల తిరిగేసరికి అలవాటు పడతారు. డబ్బా లెక్క చేసిన పిల్ల పేపర్లో అయితే 14 కింద గీత గీసి "ఇది ఏ కొలత?" అని రాస్తాను. అంతే చాలు, మిగతాది తనే పట్టుకుంటుంది.

మార్కుల్లో చదువుతో పాటు ప్రవర్తనను కలిపేయడం ఇంకో చిక్కు. ఆలస్యంగా ఇస్తే పది మార్కులు కట్, మాట్లాడితే రెండు కట్, అట్ట వేయకపోతే ఒకటి కట్. చివరికి ఆ 68 దేనికి గుర్తు? పిల్లకు త్రికోణమితి రాదనా, పుస్తకానికి అట్ట వేయలేదనా? ముఖ్యంగా సున్నా. ఒక అమ్మాయికి మూడు అసైన్‌మెంట్లలో 80 చొప్పున వచ్చాయి, నాలుగోది ఇవ్వలేదు కాబట్టి సున్నా. సగటు 60కి పడిపోయింది. ఆ 60 చూసినవాళ్లు ఈ పిల్లకు సబ్జెక్టు సగం సగమే వచ్చనుకుంటారు. అది అబద్ధం. నేను సున్నా వేయను, "అసంపూర్తి" అని రాసి ఇంటర్వెల్లో కూర్చోబెట్టి ఆ పని చేయిస్తాను. ఇలా చేస్తే పిల్లలు బాధ్యత నేర్చుకోరు అనే టీచర్లతో నేను చాలాసార్లు వాదించాను. పని ఎగ్గొడితే సున్నాతో వదిలిపోతుందని తెలియడం కన్నా, ఎగ్గొట్టినా చేయక తప్పదని తెలియడమే ఎక్కువ బాధ్యత నేర్పుతుంది. ఆలస్యానికి శిక్ష ఉండాలి, కాదనను. అది ప్రవర్తన గ్రేడులో పడాలి, లెక్కల మార్కులో కాదు.

కొందరు టీచర్లు, ఎవరెన్ని తెచ్చుకున్నా పైనున్న పది శాతానికే 'A' గ్రేడు అని ముందే కోటా పెట్టుకుంటారు. హైస్కూల్లో ఇది నాకు ససేమిరా ఇష్టం ఉండదు. నా పిల్ల గ్రేడు తను నేర్చుకున్నదాని మీద కాకుండా పక్కన ఎవరు కూర్చున్నారన్నదాని మీద ఆధారపడుతుంది. తోటివాళ్లకు సందేహం తీర్చిన పిల్ల తన గ్రేడును తానే తగ్గించుకున్నట్టవుతుంది.

మీ రెండు సెక్షన్ల సంగతికి వద్దాం. దీనికి మందు ఉంది, ఖర్చు కూడా లేదు. నేనూ, నా పక్క సెక్షన్ చూసే టీచరూ పరీక్ష అయిన రోజే కూర్చుని స్కీమ్ రాసుకుంటాం. దిద్దడం మొదలుపెట్టే ముందు బాగా రాసినది ఒకటి, మధ్యస్థంగా ఉన్నది ఒకటి, బలహీనమైనది ఒకటి ఎంచి, ఆ మూడింటి జిరాక్సులు ఇద్దరమూ విడివిడిగా దిద్దుతాం. తేడా వచ్చిన ప్రతిచోటా ఎందుకో మాట్లాడుకుంటాం. ఒకసారి తేడా అంతా యూనిట్ల దగ్గర తేలింది: ఘన సెంటీమీటర్లు అని రాయకపోతే ఆవిడ ప్రతి లెక్కలోనూ అర మార్కు కోస్తున్నారు, నేను పేపరు మొత్తానికి ఒకేసారి కోస్తున్నాను. పేపర్లో అలాంటి లెక్కలు ఆరు ఉంటే ఆ ఒక్క కారణానికే రెండు సెక్షన్ల మధ్య రెండున్నర మార్కులు. పేపరుకు ఒకసారే అని ఇద్దరం ఒప్పుకున్నాం, తేడా పోయింది. పెద్ద పరీక్షల వాల్యుయేషన్‌లో చేసేదీ ఇదే, కాకపోతే పెద్ద ఎత్తున. కొన్ని స్కూళ్లు ఒక మెట్టు ముందుకెళ్లి రెండు సెక్షన్ల పేపర్లనూ కలిపేసి, మొదటి సగం ప్రశ్నలు ఒకరు, రెండో సగం ఇంకొకరు దిద్దుతారు. అప్పుడు ఎవరు ఎంత స్ట్రిక్ట్ అయినా అందరు పిల్లల మీదా సమానంగా పడుతుంది. నాకు తెలిసినంతలో ఇంతకన్నా మంచి పద్ధతి లేదు.

మరి మీరేం చేయాలి? ముందు మీ అమ్మాయి పాత పేపర్లు మూడు నాలుగు ముందేసుకుని, మార్కు పోయిన ప్రతిచోటా ఎందుకు పోయిందో తనని చెప్పమనండి. తను చెప్పగలిగితే ఆ టీచర్ కొలత స్పష్టంగానే ఉంది, మీ అమ్మాయికి అది అందుతోంది. తను చెప్పలేని చోట్లు ఎక్కువగా ఉంటే టీచర్‌ని కలవండి. వెళ్లినప్పుడు పక్క సెక్షన్ మాట ఎత్తకండి, ఎత్తిన మరుక్షణం సంభాషణ ఆత్మగౌరవం మీదికి మళ్లుతుంది. "మేడమ్, ఈ ప్రశ్నకు పూర్తి మార్కులు రావాలంటే జవాబు ఎలా ఉండాలో ఒకసారి చూపిస్తారా?" అని అడగండి. నిజాయితీగా స్ట్రిక్ట్‌గా ఉండే టీచర్‌కు ఆ ప్రశ్న అంటే ఇష్టం. స్కీమ్ తీసి చూపిస్తారు. వీలైతే మీరు కాదు, మీ అమ్మాయే అడిగితే ఇంకా మంచిది. తొమ్మిదో తరగతి పిల్ల ఆ మాత్రం అడగగలదు, అడగడం నేర్చుకోవాల్సిన వయసు కూడా అదే.

కారణం చెప్పలేకపోతే, ఒకే జవాబుకు ఇద్దరు పిల్లలకు వేర్వేరు మార్కులు పడినట్టు మీ కళ్లతో చూస్తే, ప్రవర్తనకు కోపం పేపరు మీద చూపిస్తున్నారని తెలిస్తే, అప్పుడు హెడ్మాస్టర్ దగ్గరికి వెళ్లడం మీ హక్కు. పేపర్లు చేత్తో పట్టుకుని వెళ్లండి. రెండు సెక్షన్ల మార్కులు కలిపి ర్యాంకులు ఇస్తున్నారా అన్నది కూడా హెడ్మాస్టర్‌నే అడగండి. ఇస్తుంటే, ఇద్దరు టీచర్లూ ఒకే స్కీమ్‌తో దిద్దే ఏర్పాటు చేయమని కోరండి. మీతో పాటు మరో ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు ఉంటే పని త్వరగా అవుతుంది.

సెక్షన్ మార్పు మాత్రం ఇప్పుడే వద్దు. మీరు చెప్పినదాంట్లో టీచర్ మార్కులు కోస్తున్నారనే ఉంది, అవమానిస్తున్నారని గానీ, మీ అమ్మాయి లెక్కలంటే భయపడుతోందని గానీ లేదు. అలా ఏదైనా ఉంటే ఈ సమాధానం కింద రాయండి, అది వేరే సంగతి, అప్పుడు నా సలహా కూడా మారుతుంది.